చదివి వినిపించగా

చూశారా మీ చెల్లెలు ఎంత మాటందో? అదీ పరాయి మనిషి ముందు! ప్రెస్సాయన టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళాడు, అక్కడే ఆగిపోయాడు పాపం. "మా అన్నయ్యని మింగేసిన మాటని మళ్ళీ అచ్చేయిస్తావా వదినా?" అంది. మింగేసిందట!

నేనేమన్నానో తెలుసా? "కళ్ళజోడు లోపలుంది, తెచ్చుకుంటా" అన్నాను. కళ్ళజోడు నా మెడలోనే వేలాడుతోంది. వాళ్ళిద్దరూ దాన్ని చూశారు, నన్ను చూశారు.

అలా వచ్చి పడ్డాను ఈ గదిలోకి. తలుపు దగ్గరగా వేశాను. మంచం మీదే కూర్చున్నాను లెండి, మీ కుర్చీ జోలికి పోలేదు. నేను మంచం మీద, మీరు కంప్యూటర్ ముందు నాకు వీపు పెట్టి. పుస్తకమంతా మీ వీపుకి చెప్పిందేగా! అప్పుడూ మీరు మధ్యలో మాట్లాడేవారు కాదు. ఇప్పుడు మాట్లాడకపోతే మాత్రం నాకేం కొత్త?

కొత్తే. అబద్ధమెందుకు. కీబోర్డు చప్పుడు లేదు.

సరే, విషయం వినండి. మన పుస్తకం రెండో ముద్రణట! అవునండీ, మన నవలే. ఎవరో అమ్మాయి అందులోంచి ఒక్క ముక్క ఫోన్లో చదివి, చదువుతూ చదువుతూ ఏడ్చిందిట. అది చూసిన వాళ్ళందరూ పుస్తకం కావాలన్నారట. మంచం కింద మనం తన్నుకుంటూ తిరిగిన ఆ అట్టపెట్టెలున్నాయే, ఒక్కటి మిగల్లేదు. కావాలంటే వంగి చూడండి. దుమ్ములో పెట్టెల అచ్చులు మాత్రం ఉన్నాయి.

మీరుంటే ఎగిరి గంతేసేవారు. ఏం గంతులే, మీ మొహానికి. "ఊఁ" అనేవారు. అదే మీకు పెద్ద పండగ.

ఆ అమ్మాయి చదివిన ముక్క ఏదో చెప్పక్కర్లేదుగా మీకు. పదకొండో అధ్యాయం. మంచాన పడ్డ మొగుడి గదిలోంచి ఆవిడ బయటికొస్తుంది చూడండి, అది. "త్వరగా పోతే బాగుండును అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు."

ప్రెస్సాయనేమో, "ఆ మాట ఎక్కడిదని అందరూ అడుగుతున్నారమ్మా, ముందుమాటగా రెండు ముక్కలు రాసివ్వండి" అంటాడు. మీ చెల్లెలేమో, ఎలా పసిగట్టిందో గానీ అతని వెనకే వచ్చి కూర్చుని, ఆ మాట కొట్టేస్తే తప్ప లేవనంటోంది. ఇద్దరికీ టీ ఇచ్చాను. ఇద్దరికీ జవాబు చెప్పాలి. నాకు తోచట్లేదు.

నవ్వొస్తోంది గానీ, అసలిదంతా ఎలా మొదలైందో గుర్తుందా? మీరు కోర్టు నుంచి, నేను ఆసుపత్రి నుంచి, ఒకరి వెనక ఒకరం రిటైరై ఇంటికొచ్చి పడ్డాం. మీరు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, మడత పెట్టి, మళ్ళీ విప్పేవారు. నేను వార్డులో పేషెంట్ల కథలు చెప్తూ మీ వెనకాల తిరిగేదాన్ని. వంటింట్లో మొదలెట్టి బాత్రూం తలుపు దాకా చెప్పేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, "రాసెయ్యి సిస్టర్, పుస్తకమవుతుంది" అన్నారు.

సిస్టర్! పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు విని మీ అమ్మగారు హడలిపోయారు. కట్టుకున్నదాన్ని పట్టుకుని ఆ మాటేంట్రా అని. వార్డంతా పిలిచేదే నేనూ పిలుస్తున్నానమ్మా అన్నారు మీరు. హెడ్ సిస్టర్నయ్యాక కూడా మీరు పిలిస్తేనే నాకు పదవి వచ్చినట్టుండేది.

రాయడం నా వల్ల అయిందా? పెన్ను పట్టుకుంటే చాలు, నోరు మూతపడేది. టెంపరేచరు, బీపీ రాయడానికి అలవాటు పడ్డ చెయ్యి, ప్రేమ గురించి ఏం రాస్తుంది! అప్పుడు మీరే అన్నారు, "నువ్వు చెప్పు, నేను కొడతాను" అని. జీవితమంతా కోర్టులో స్టెనోగా అదేగా మీ పని. వాళ్ళు చెప్పడం, మీరు దించుకోవడం. బోనులో నిలబడ్డవాడు నిజం చెప్తున్నాడా అబద్ధం చెప్తున్నాడా మీకనవసరం. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పడాలి.

మొదట్లో ఎంత గొడవ! నేను "ఆమె ఏడ్చింది" అంటే మీరు "సాక్షి ఏడ్చినది" అని కొట్టేవారు. ఎన్నిసార్లు మొత్తుకున్నాను? అలవాటు సిస్టర్, వేళ్ళు వినవు అనేవారు. ఒకచోట దిద్దడం మర్చిపోయాం కూడా. అది అచ్చైపోయింది. దాన్ని పట్టుకుని ఒక లెక్చరరు, హీరోయిన్ ఒక్కసారిగా తన జీవితానికే సాక్షిగా మారడం అద్భుతం అని రాశాడు. ఆ పూట మీరు నవ్విన నవ్వు! దగ్గొచ్చేదాకా నవ్వారు.

సాయంత్రమయ్యేసరికి ఆ రోజు చెప్పిందంతా చదివి వినిపించేవారు. ఎత్తూపల్లం లేని గొంతుతో. ప్రేమ కబుర్లైనా అంతే, చావైనా అంతే. "అతడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆమె వదిలించుకోలేదు." దొంగతనం కేసులాగే ఉండేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. చివర్న మీరు కళ్ళజోడు తీసి, "చదివి వినిపించగా సరియైనదని ఒప్పుకున్నావా?" అని అడిగేవారు. కోర్టులో ప్రతి వాంగ్మూలం కింద ఉండే ముక్కట. "ఒప్పుకున్నాను బాబూ" అనేదాన్ని. అప్పుడు గానీ సేవ్ చేసేవారు కాదు.

అప్పుడు ఆటనుకున్నాను. మీకది ఆట కాదని నాకేం తెలుసు?

పుస్తకం వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. కొందరు జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం, రిటైరైన వాళ్ళు రాసినవి చాలా వస్తున్నాయండీ అని చెప్పాడు, కూరగాయలు చాలా వస్తున్నాయి అన్నట్టు. నేను రెండ్రోజులు ముసుగుతన్ని పడుకున్నాను. మీరు చెప్పులేసుకుని వెళ్ళి ప్రెస్సాయన్ని మాట్లాడుకుని వచ్చారు. మనమే వేసుకుందాం అన్నారు.

పెట్టెలు దిగిన రోజు లిఫ్టు పాడైంది. మీరే ఒక్కొక్కటీ భుజాన వేసుకుని మెట్లెక్కించారు. వద్దన్నా విన్లేదు. మొదటి కాపీ తెరిచి నా పేరున్న పేజీ వాసన చూశారు. మీ పేరెక్కడా లేదు. వేద్దామంటే, స్టెనో పేరు తీర్పులో ఉండదు సిస్టర్ అన్నారు.

తర్వాత మన బతుకేంటి? కనపడ్డవాళ్ళకల్లా ఉచితంగా పంచడం. పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ కనపడితే తప్పుకు తిరగడం. కింద ఫ్లాటావిడ కిటికీ రెక్క కొట్టుకోకుండా మన పుస్తకం అడ్డం పెట్టింది. నేను చూసి ఏడుపు మొహం పెడితే, "వానకి తడవకుండా లోపలివైపే పెట్టిందిలే" అన్నారు మీరు. అదే మీ ఓదార్పు!

సరే, ఆ వాక్యం దగ్గరికి వస్తాను. తిరిగి తిరిగి అక్కడికే రావాలిగా.

మధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది. పదకొండో అధ్యాయం చెప్తున్నాను. గడగడా చెప్పేస్తున్నాను, ఆ రోజు ఏదో పూనినట్టు. "త్వరగా పోతే బాగుండును అనుకుంది" అన్నాను. టకటకా కొట్టారు. "అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు" అన్నాను. మీ వేళ్ళు ఆగాయి.

మీరు వెనక్కి తిరగలేదు. గోడకి చెప్తున్నట్టు అడిగారు, "సిగ్గు కూడా పడలేదు... అలాగే ఉంచమంటావా?" అని.

"ఉంచండి. అదే నిజం" అన్నాను.

నిజం అంటే ఆవిడ నిజమండీ! కథలో ఆవిడది! మంచి వాక్యం పడ్డ ఊపులో అన్నాను. మీరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా దించుకున్నారు. సాయంత్రం చదివి వినిపించారు. ఒప్పుకున్నావా అన్నారు. ఒప్పుకున్నాను అన్నాను.

ఇంక ఆవిష్కరణ. లైబ్రరీ పైన చిన్న హాలు. సగం కుర్చీలు ఖాళీ, ఉన్నవాళ్ళలో సగం మంది మనవాళ్ళు. మీరు ఆఖరి వరసలో పెట్టెలకి టేపు కోస్తూ కూర్చున్నారు. మీ చెల్లెలు ముందు వరస. ఎవరో చదువుకున్న అమ్మాయి లేచి, "ఆ వాక్యం రాయడానికి చాలా ధైర్యం కావాలి, మీకెలా తట్టింది మేడం?" అని అడిగింది.

మేడం! నన్ను అంతవరకు ఎవరూ అలా పిలవలేదు. వార్డులో సిస్టరే, ఇంట్లో సిస్టరే. మైకు చేతిలో ఉంది. హాలంతా నా వైపు చూస్తోంది. కల్పించాను అంటే చప్పగా ఉంటుంది కదా. ఎవరో అనగా విన్నాను అంటే ఇంకా చప్పగా ఉంటుంది. గొంతు తగ్గించి, "అది నా మనసులోంచి వచ్చిందమ్మా. నేను అనుకున్నదే రాశాను" అన్నాను. చప్పట్లు కొట్టారు! ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

వెనక టేపు కోస్తున్న చప్పుడు ఆగింది. నాకు వినపడింది. వినపడ్డా పట్టించుకోలేదు. చప్పట్లు వినపడుతుంటే ఇంకేం వినపడుతుందండీ మనిషికి?

తర్వాత మీ జబ్బు. ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. నాకు! రోగి నడకని బట్టి రోగమేంటో చెప్తుందని డాక్టర్లు మెచ్చుకున్న మనిషికి!

రెండో నవల మొదలెట్టాం. మీరు మాటిమాటికీ ప్రెస్‌కి వెళ్ళొస్తానని చొక్కా వేసుకునేవారు. కాగితం రకం చూడాలని ఒకసారి, అట్ట బొమ్మని ఒకసారి. ఇంకా పుస్తకమే అవ్వలేదు, అట్ట బొమ్మేంటని అడగాలా వద్దా నేను? అడగలేదు. వచ్చాక మళ్ళీ కుర్చీలో కూర్చుంటారు, నేను చెప్పుకోవచ్చు, అంతే నా ఆలోచన. అన్నం సగం వదిలేస్తే, ఈ వయసులో తేలిగ్గా తినాలి సిస్టర్ అనేవారు. అదీ నిజమేగా అనుకున్నాను.

బెల్టు సంగతి చెప్పనా? చెప్తాను. ఇది మీ చెల్లెలికి కూడా తెలీదు.

ఒక పొద్దున మీరు మేకు పెట్టి బెల్టుకి కొత్త చిల్లు పొడుస్తున్నారు. గుమ్మంలో నిలబడి చూశాను. చూడలేదని ఎవరన్నారు? బాగా చూశాను. నాలో నర్సు లేవాల్సింది. లేవలేదు. ఆ మధ్యాహ్నమే మంచం మీద కూర్చుని మీకు చెప్పాను, రాసుకోండి అని. "అతను బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు." మీరు టైపు చేశారు. చదివి వినిపించారు. బావుంది సిస్టర్ అన్నారు.

బావుందన్నారండీ! ఇలా తిరిగి, చొక్కా ఎత్తి, చూడవే మొద్దు మొహమా అనకూడదా? పోనీ ఒక్క దగ్గు దగ్గకూడదా?

ఆ తర్వాత కొన్నాళ్ళకే, నేను చెప్తూనే ఉన్నాను, చప్పుడు మారింది. టకటకా కాదు. ఒకటే బీప్, ఆగకుండా. కీబోర్డు మీదకి ఒరిగిపోయారు. స్క్రీన్ నిండా ఒకే అక్షరం, పేజీ తర్వాత పేజీ పారుతోంది. మిమ్మల్ని ఎత్తితే ఎంత తేలిగ్గా లేచారనుకున్నారు! పెద్దపెద్ద మనుషుల్ని మంచం మార్చిన చేతులండీ ఇవి. మీ బరువు తెలియగానే నాకంతా అర్థమైపోయింది.

ఆసుపత్రిలో చిన్న డాక్టరు ఉన్నాడుగా. నా వార్డులోనే తొలిసారి సూది గుచ్చడం నేర్చుకున్నవాడు, ఇప్పుడు జుట్టు నెరిసినా నాకు చిన్న డాక్టరే. మిమ్మల్ని చూసి అతను ఆశ్చర్యపోలేదు. నన్ను చూసి తెల్లబోయాడు. "సిస్టర్, సార్ మీకు చెప్పలేదా?" అన్నాడు.

కొన్ని రోజులున్నారు మీరు, కళ్ళు తెరవకుండా. అయిపోయింది. అప్పుడు చెప్పాడతను, నన్ను తన గదిలో కూర్చోబెట్టి. ఎన్నో నెలలుగా వస్తున్నారట మీరు. పొట్టలో గడ్డ. ఆపరేషన్ చేస్తే ఇంకొన్నాళ్ళు లాగొచ్చు, కాకపోతే మంచం మీదే, ఎవరో ఒకరు అన్నీ చూసుకోవాలి అని చెప్పాడట. "ఇంట్లో సిస్టర్ ఉండగా మీకేంటి సార్ భయం అన్నాను" అన్నాడు. దానికి మీరు నవ్వి, "ఆ విషయంలో మా సిస్టర్ వాంగ్మూలం ఇచ్చేసిందయ్యా. నేనే దించుకున్నాను. వద్దులే" అన్నారట.

అదేదో కోర్టు జోకు అనుకున్నాను సిస్టర్, క్షమించండి అన్నాడు. అతన్నేమనను? బల్ల మీద నీళ్ళ గ్లాసుంది. తాగాను. ఇంటికొచ్చాను.

పలకరించడానికి వచ్చినప్పుడు ప్రెస్సాయన కూడా అన్నాడు, "సార్ ఈ మధ్య మావైపే రాలేదమ్మా, కోపమొచ్చిందేమో అనుకున్నా" అని. అవునయ్యా, వచ్చింది అన్నాను.

మీరెంత తెలివితక్కువ మనిషండీ! కథని తీసుకెళ్ళి సాక్ష్యంలో కలిపేస్తారా ఎవరైనా? హంతకుడి కథ రాస్తే నన్ను పోలీసులకి పట్టిస్తారా? అని తిట్టుకుంటాను. తిట్టుకున్నంతసేపు బాగానే ఉంటుంది. తర్వాత హాలు గుర్తొస్తుంది, మైకు గుర్తొస్తుంది. కథే అని మీరు అనుకుందామన్నా నేను అనుకోనిచ్చానా? అందరి ముందూ నిలబడి, నా మనసులోదే అని చెప్పాను. ఒట్టేయించలేదు, అంతే తేడా.

మీ చెల్లెలు ఆ హాల్లో ఉందిగా. అంతా విందిగా. మీరు పోయిన రోజు నా మొహం మీదే అంది. "కోరుకున్నావుగా వదినా, పోయాడుగా. సిగ్గు కూడా పడకు" అంది. నేను నోరెత్తలేదు. ఎలా ఎత్తను? ఎత్తితే ఏం చెప్పాలి? ఇవాళ కూడా అదే. ముందు గదిలో కూర్చుని, ఆ మాట నీకెలా వచ్చిందో నిజం చెప్పు, కొట్టేయమనను అంటోంది. నిజం చెప్పాలట!

నిజం మీకు తెలుసా? అదే నాకు తేలట్లేదు. మీకు గుర్తుందా, లేదా?

మీ అమ్మగారు ఆ వెనక గదిలో మంచాన పడి ఉన్న రోజులు. ఆవిడ నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. కోడలితో చేయించుకోవడం నామోషీ, ఆ కోడలు నర్సైనా సరే. కూతురు వస్తే, పండు కోసిపెట్టించుకుని పంపేసేవారు. మిగిలినవన్నీ మీరే. కోర్టు నుంచి రాగానే చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి వెళ్ళేవారు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఒక్కోసారి బాత్రూంలో బకెట్ ముందు కూర్చుని దుప్పట్లు ఉతుకుతూ ఉండేవారు.

ఒక సాయంత్రం అలాగే వచ్చాను. మీరు ఆ గదిలోంచి తడిసిన దుప్పటి చుట్టచుట్టి పట్టుకుని బయటికొచ్చారు. ఇల్లంతా ఫినాయిల్ వాసన. నన్ను చూసి ఆగారు. మీ కళ్ళ కింద ఆ నలుపు నాకిప్పటికీ కనపడుతుంది. మెల్లగా అన్నారు.

"త్వరగా పోతే బాగుండును సిస్టర్. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గు కూడా వెయ్యట్లేదు."

మీరన్నదే. నేను కాదు. ఆ మాట నాది కాదండీ. మీది.

అని, ఏం చేశారో తెలుసా? బకెట్‌లో దుప్పటి పడేసి, చేతులు కడుక్కుని, తీగ మీంచి పొడి దుప్పటి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు. తలుపు సందులోంచి చూశాను. మీ అమ్మగారి కింద దుప్పటి సర్ది, జుట్టు దువ్వుతున్నారు. చిక్కు తగిలితే నొప్పెట్టకుండా కుదురు దగ్గర పట్టుకుని మరీ దువ్వుతున్నారు.

ఆ పూట మీ మీద నాకు పుట్టినంత ప్రేమ ఇంకెప్పుడూ పుట్టలేదు. పెళ్ళినాడు కూడా పుట్టలేదు. వార్డులో రోగుల పక్కన కూర్చున్న వాళ్ళని ఎంతమందిని చూశాను! అందరి మొహాల్లోనూ ఆ మాట ఉంటుంది. ఒక్కరూ అనరు. మీరు అన్నారు, అని మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఇన్నేళ్ళూ దాచుకున్నాను దాన్ని. నవల రాయాలనిపించిందే దాని కోసం.

మరి మీకు చెప్పొద్దూ? ఇది మీ మాటే, తీసుకోనా అని అడగొద్దూ? అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని భయం. మీ వీపుకి చెప్పేసి, మీ వేళ్ళతోనే కొట్టించేసుకున్నాను. మీరు ఉంచమంటావా అన్నప్పుడైనా చెప్పొచ్చు. హాల్లోనైనా చెప్పొచ్చు. నా మనసులోదే అన్నాను.

మీరు గుర్తుపట్టారా? గుర్తుపడితే, మీ మాట మీకే అప్పజెప్పాననుకున్నారా? దెప్పాననుకున్నారా? గుర్తుపట్టకపోతే, నేనే అలాంటిదాన్ని అనుకుని, నాకు శ్రమ లేకుండా పోయారా? రాత్రుళ్ళు అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి ఆలోచిస్తాను. ఎటు తిప్పినా ఒకటే.

కానీ ఒకటి అడుగుతాను, దీనికి జవాబు చెప్పండి. ఆ రెండు వాక్యాల తర్వాత మూడో వాక్యం ఉందిగా? మీరే కొట్టారుగా? "పొడి దుప్పటి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది." అది ఎందుకు వదిలేశారు? ఫోన్లో ఏడ్చిన అమ్మాయి వదిలేసింది, హాల్లో అమ్మాయి వదిలేసింది, మీ చెల్లెలు వదిలేసింది. వాళ్ళంటే సరే. వాంగ్మూలం మధ్యలో ఒక ముక్క తీసుకుని తీర్పు చెప్పకూడదు, మొత్తం చదవాలి అని ఎన్నిసార్లు చెప్పేవారు మీరు! మీకే గుర్తురాలేదా?

నేను వెళ్ళేదాన్నండీ లోపలికి. ఎన్నిసార్లైనా వెళ్ళేదాన్ని. తిట్టుకునేదాన్నేమో, పోతే బాగుండునని కూడా అనుకునేదాన్నేమో. వెళ్ళేదాన్ని.

అదిగో, పిలుస్తోంది. "వదినా, దొరికిందా?"

వస్తున్నానమ్మా! కనపడట్లేదు, వెతుకుతున్నా!

ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. అది మీ అన్నయ్య మాటే, మీ అమ్మ గురించే అన్నాడు అని ఒక్క ముక్క చెప్తే చాలు, నేను బయటపడతాను. మీ చెల్లెలు కూలిపోతుంది. తల్లి తర్వాత తల్లి మీరే దానికి. ఇన్నేళ్ళూ పండు కోసిపెట్టి వెళ్ళిపోయిన మనిషి, అన్నయ్య అమ్మని ఎంత బాగా చూసుకున్నాడో అని అందరికీ చెప్పుకుని బతుకుతున్న మనిషి. దానికి మీరు లేకుండా ఎలా చెయ్యను? ఇప్పటికే ఒకసారి లేకుండా చేశానంటోంది.

చెప్పనులెండి. ముందుమాట అక్కర్లేదంటాను. ఆ మాట నాదేనంటాను, సిగ్గు లేనిదాన్నంటాను. తిడుతుంది, పడతాను. మీ పరువు మీ దగ్గరే ఉంటుంది.

చూశారా, ఎంత బావుందో వినడానికి! త్యాగం! మీరైతే ఇది కూడా దించేసుకుంటారు, చదివి వినిపించి, ఒప్పుకున్నావా అంటారు.

ఒప్పుకోను. ఈసారి ఒప్పుకోను. మొత్తం చెప్తాను, రాసుకోండి.

ఇందాక ప్రెస్సాయన ప్రూఫులు చేతికిచ్చినప్పుడు పెన్ను కూడా ఇచ్చాడు. మీ చెల్లెలు చూస్తూ ఉంది. సరే, పోనీ, కొట్టేద్దామనే అనుకున్నాను. దాని కోసం, మీ కోసం, నా కోసం. ఆ పేజీ తీశాను. పెన్ను ఆనించాను. ఆ రెండు వాక్యాలూ లేకుండా ఒకసారి చదువుకున్నాను, మీ గొంతుతో, ఎత్తూపల్లం లేకుండా. ఆవిడ గదిలోంచి బయటికొచ్చింది, పొడి దుప్పటి తీసుకుంది, లోపలికి వెళ్ళింది. అంతే. ఏమీ లేదండీ అందులో. చచ్చిపోయింది పేజీ.

అందుకే లేచి వచ్చాను. కళ్ళజోడు కోసం కాదు.

ఉంచమంటాను. ఏం చెయ్యమంటారు, ఆ వాక్యం బావుంది.